ఖాళీ అని రాసిన ఇసక

సముద్రం ఒడ్డున ఇసకని "ఖాళీ" అని రాసినోళ్లది తప్పా, చూడకుండా దానికింద సంతకం పెట్టబోయినోళ్లది తప్పా? తొందరపడకండి, విని చెప్పండి. నూకరత్నం అని ఒకావిడ ఉందంట. ఎండుచేపల నూకరత్నం. మొగుడు పడవ మీద వేటకి వెళ్తాడు, అతను తెచ్చిన చేపని ఈవిడ ఇసక మీద ఆరబెట్టి, బుట్టకెత్తి ఊళ్లమ్మట అమ్ముతుంది. ఆవిడొక్కతేనా? ఆ పేటలో నలభై మంది ఆడోళ్లకి ఆ ఇసకే పొలం అనుకోండి, ఆ ఇసకే కొట్టు అనుకోండి. ఆ పేటని పక్క టౌన్లో కలిపేసి నగర పంచాయతీ చేశారు. రిజర్వేషన్లో వార్డు ఆడోళ్లకి వచ్చింది, నూకరత్నం నిలబడింది, గెలిచింది. గెలిచి కౌన్సిల్లో కూర్చుంది. అక్కడ ఏం చేస్తారంటే, గుమస్తా చదువుతాడు, అందరూ చెయ్యెత్తుతారు, టీ తాగుతారు. నవ్వకండి, మన దగ్గర మాత్రం ఏం చేస్తున్నారు?

ఏమైందంటే, ఇంకో ఇరవై ఏళ్లకి టౌను ఎలా ఉండాలో పటం గీయాలంట. రోడ్డెక్కడ, బడెక్కడ, పార్కెక్కడ అని. ఆఫీసులో గీసేవాళ్లు లేరు, ఉన్న ఒక్కాయనా బదిలీ అయిపోయాడు, అందుకని ఆ పని పట్నంలో ఒక కంపెనీకి అప్పజెప్పారు. కంపెనీ ఒకరోజు వచ్చింది, డ్రోను ఎగరేసింది, ఫొటోలు తీసుకుని పోయింది. మాఘమాసం అనుకోండి, మీటింగులో పటం విప్పారు. గోడంత పటం, రంగురంగులది. కంపెనీ ఇంజినీరు అనిరుధ్ అని, కర్రతో చూపిస్తా గడగడా చెప్పుకుపోతున్నాడు. నూకరత్నం తన పేట వెతుక్కుంది. ఇళ్లున్నాయి, ఇసక దగ్గర మాత్రం పచ్చరంగు. "ఖాళీ స్థలం. పార్కు, కార్లు నిలిపే చోటు" అని రాసుంది. ఇదేటి బాబూ, అక్కడ మేం సేపలెండేస్తాం కదా అని అడిగిందంట. లేదమ్మా, ఫొటోలో చూడండి, ఒక్క మనిషి కూడా లేరు అన్నాడంట. చూస్తే నిజమే. ఇసక తళతళా మెరుస్తోంది. చేప లేదు, బుట్ట లేదు, మనిషి లేడు.

చైర్మన్ జగ్గునాయుడు వాచీ చూసుకుంటున్నాడు. చెడ్డోడు కాదు, తొందర మనిషి. "నూకరత్నమ్మా, సదువుకున్నోళ్లు గీసింది ఇది. నెలాఖరుకి పైకి పంపకపోతే మొత్తం మళ్లీ మొదటికొస్తాది. ఈరోజు ఒప్పేసుకుందాం. నీకేటైనా ఉంటే కాయితం రాసియ్యి, తరవాత సూద్దాం" అన్నాడు. "తరవాతంటే ఎప్పుడు నాయుడుగారూ, కార్లొచ్చి మా బుట్టల మీద నిలబడ్డాకా? పని ఆళ్లకి అప్పజెప్పినాం. కళ్లు కూడా అప్పజెప్పేసినామేటి?" అందంట. ఎత్తబోయిన చేతులు కిందకి దిగిపోయాయి. అప్పుడు ఆవిడ ఒక్క మాట అడిగింది చూడండీ! "బాబూ, ఈ పొటో ఏ రోజు తీసినావు?" ఆయన కాగితాలు తిరగేసి, మే పన్నెండు అన్నాడు. నూకరత్నం ఒకటే నవ్వు, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వు. "ఓరి నా నాయనా! అవి ఏట నిషేధం రోజులు. సేప గుడ్లెట్టే కాలం, రెండు నెల్లు సముద్రం మీదికెల్లొద్దని గవర్నమెంటే సెప్తాది. ఏట నేకపోతే సేపేది? సేప నేకపోతే మేమెందుకుంటాం? కూలి పనికెల్లినాం. ఇంటిల్లిపాదీ పెళ్లికెల్లిన రోజొచ్చి, ఈ ఇల్లు ఖాళీ అని రాసుకుపోతావా?"

ఇంజినీరు కర్ర కింద పెట్టేశాడంట. నిషేధం సంగతి తెలీదమ్మా, మా ఒప్పందంలో ఒక్కసారి వచ్చి ఫొటో తియ్యమని ఉంది, ఎవర్నీ అడగమని లేదు అన్నాడు. అడగమని రాయాల్సింది ఎవరు? కౌన్సిలు. నూకరత్నం లేచి, "రేపు పొద్దున్న పటం పట్టుకుని మా ఇసక మీదకి రండి. సూసినాక కూడా సెయ్యెత్తుతామంటే ఎత్తండి, నాను అడ్డురాను" అందంట. అనేసింది గానీ, ఇంటికెళ్లాక భయం పట్టుకుందంట. చూసి కూడా ఎత్తేస్తే? నలభై మందికి ఏం చెప్పాలి?

వచ్చారండీ. వచ్చేసరికి కాలు పెట్టడానికి చోటు లేదు. ఎటు చూసినా చేపలే, ఇటు నెత్తళ్లు, అటు కానాగంతలు, ఎండలో వెండి పరిచినట్టు. ఇంజినీరు పటం పట్టుకుని అడుగేస్తే "ఓలమ్మా, తొక్కేస్తన్నాడే!" అని ఒకావిడ, "బాబూ, బూట్లు ఇప్పి రా!" అని ఇంకొకావిడ. చెప్పులు చేత్తో పట్టుకుని చైర్మనూ గెంతుతున్నాడు. అసిరమ్మ అని ముసలావిడ ఒక బుట్ట బోర్లించి, "ఇక్కడే కదా పార్కు బెంచీ ఏస్తానన్నావు? కూకో నాయనా, కూకుని సెప్పు, మేమెక్కడికెల్లాల?" అంది. ఇంజినీరు నిజంగానే కూర్చున్నాడు. పెన్ను తీసి, "ఖాళీ" అన్నది కొట్టేసి, "చేపలెండేసే చోటు" అని ఆ బుట్ట మీద కూర్చునే రాశాడంట.

అక్కడితో అయిపోలేదు. తవిటయ్య అని వెనక వార్డు మెంబరు, ఎప్పుడూ నోరెత్తని మనిషి, "మా వార్డు కాయితం తియ్యండి" అన్నాడు. తీస్తే, పశువుల సంత జరిగే బయలు కూడా ఖాళీయే! డ్రోను ఎగిరింది మంగళవారం, సంత శనివారం. "అయితే నా వార్డులో ఏటి రాసినారో?" అని చైర్మనే పటం లాక్కున్నాడంట. ఆ రోజు ఎవరూ సంతకం పెట్టలేదు. గడువు పెంచమని పైకి రాశారు, ఒక్క నెల ఇచ్చారు. ఆ నెలలో తీర్మానం చేసుకున్నారు: పటం ఎవరు గీసినా, గీసినోళ్లూ, వార్డు మెంబరూ, అక్కడ బతికేవాళ్లూ కలిసి నడవాలి. నడిచాకే చెయ్యెత్తాలి.

ఇసక నిలబడింది. సముద్రానికెళ్లే దారి మాత్రం పటంలో రెండు మూరలు తగ్గిపోయిందని ఇంకా పోట్లాడుతున్నారంట, పోట్లాడతారు కూడా. మీరు చప్పట్లు తర్వాత కొడుదురు గానీ, నేనెందుకు చెప్పానో వినండి. మన ఊరి పటం మొన్న ఆఫీసు గోడకి అంటించారు. అభ్యంతరాలు చెప్పడానికి ఇంకా తొమ్మిది రోజులే ఉన్నాయి. చూశారా అని మన వార్డు మెంబర్ని అడిగితే, "అవన్నీ కంపెనీ వాళ్లు చూసుకుంటార్లే చెల్లెమ్మా" అన్నాడు. రేపు పదింటికి ఆయన గుమ్మం ముందుంటాను. మీరూ రండి. ఆయన్ని వెంటబెట్టుకుపోయి ఆ గోడ ముందు నిలబెడదాం.