కరీముల్లా తమ్ముడు

షార్జా స్టేడియం. తన మొదటి అంతర్జాతీయ మ్యాచ్‌లోనే ఐదు వికెట్లు తీసిన మర్నాటి ఉదయం, అఫ్గాన్ స్పిన్నర్ కరీముల్లా ఫోన్ ఒళ్ళో పెట్టుకుని నెట్స్ పక్కన సిమెంటు మెట్టు మీద కూర్చున్నాడు. పిచ్‌లకు నీళ్ళు పట్టే పోచన్న గొట్టం చుట్టుకుంటూ అతని దగ్గరికి వచ్చాడు. జగిత్యాల వైపు మనిషి. ఇరవై ఆరేళ్ళుగా దుబాయ్ బతుకే. ఇద్దరూ మాట్లాడుకునేది ఉర్దూలో. పోచన్న ఉర్దూకు కూడా ఊరి యాసే.

"నాలుగుసార్లు పిలిచిన బిడ్డా. చెవులు గిట్ట పోయినయా?"

"వినపడలేదు చాచా."

"వినపడలేదా! నా ఒర్లుడుకు పావురాలు లేచిపోయినయ్. నిన్న స్టేడియమంత కరీముల్లా, కరీముల్లా అని మొత్తుకుంటుంటె గూడ గట్లనే నిలబడ్డవ్. ఇంకెవన్నో పిలుస్తున్నరన్నట్టు."

"అలవాటు లేదు. మొదటి మ్యాచ్ కదా."

"మొదటి మ్యాచ్‌లనే ఐదుగురిని పండవెట్టినవ్. బాపు ఫోన్ జేసిండా?"

"చేశాడు."

"అమ్మ?"

"ఈ రోజు ఎండ ఎక్కువగా ఉంది."

"అమ్మ సంగతి అడిగితె ఎండ సంగతి చెప్తవేంది?"

"అమ్మ నాతో మాట్లాడదు చాచా. రెండేళ్ళయింది."

"రెండేండ్లా! ఏ పోరినన్న చేస్కుంటనని లొల్లి పెట్టినవా?"

"అదేం కాదు."

"మరేంది?"

"ఈ రోజు మాట్లాడుతుంది. పది గంటలకు. ఇంటి నిండా జనం ఉన్నారు. జిల్లా క్రికెట్ ఆఫీసువాళ్ళు కూడా దండలు పట్టుకుని వచ్చారు. స్పీకర్ పెట్టి ఫోన్ చేస్తారట. అమ్మ పరదా వెనక నుంచి నాకు దువా చెయ్యాలని బాబా మాట ఇచ్చేశాడు. అందరికీ వినపడేలా. పేరు పెట్టి పిలిచి."

"మంచిదే గద."

"పేరు పెట్టి పిలవాలి చాచా."

"తల్లి కొడుకును పేరు వెట్టి పిల్వక, ఏమయ్యా బౌలరూ అని పిలుస్తదా?"

"రత్నాకర్! ఏయ్ రత్నాకర్! మూడో పిచ్ మీద కవర్ ఇంకా తియ్యలేదు. యల్లా, తొందరగా!"

"వస్తున్న ముదీర్! ఐదు నిమిషాలు!"

"ఆ మేనేజర్ పిలిచింది రత్నాకర్‌ని కదా. నువ్వెందుకు పలికావు?"

"నేనే రత్నాకర్."

"నాకు పోచన్న అని చెప్పావు."

"పోచన్ననే. కార్డు మీద రత్నాకర్. అప్పట్ల మా ఊరి రత్నాకర్‌కు వీసా వచ్చింది. ఆడు విమానమంటె భయపడి ఇంట్ల దాక్కున్నడు. ఏజెంటు ఆని పాస్‌పోర్టుల ఫోటో మార్చి నన్నెక్కించిండు. గప్పుడు గట్ల నడిచేది. ఈడికొచ్చినంక కంట్లె మిషను పెట్టి ఫోటో దీసిండ్రు. ఖలాస్. ఇగ ఈ దేశంల నేను రత్నాకర్‌నే."

"మరి అసలు రత్నాకర్?"

"ఊర్లనే పసుపు పండిస్తడు. సెలవు మీద పోయిననుకో, బస్టాండ్ల ఎదురొచ్చి, 'ఏం రత్నాకర్, నేను దుబాయ్‌ల మంచిగున్ననా?' అని అడుగుతడు. దొంగ. నా పెండ్లాం అంజవ్వకేమో ఒకటే భయం, నేనీడ సస్తే శవం పెట్టె ఆళ్ళింటికి పోతదని."

"నవ్వుతావేంటి చాచా, అలాంటి మాట చెప్పి?"

"ఏడిస్తె పేరు మారుతదా? నీకెందుకు చెప్తున్ననంటె, మొదటేడు నన్ను పిలిస్తె నేను గూడ పలుకకపోదును. మస్తు తిట్లు తిన్న. పక్కోన్ని జూస్తుంటి, ఆన్ని పిలుస్తున్నరేమో అని. నిన్న నువ్వు గదే జేసినవ్. ఐదో వికెట్ పడ్డంక పక్కోని దిక్కు జూసినవ్."

"అలా ఏం చూడలేదు."

"కరీముల్లా ఎవరు బిడ్డా?"

"నేనే."

"నేను గూడ గట్లనే అంటుంటి. సరే తియ్యి. కాలు జరుపు, గొట్టం తీస్కపోవాలె."

"మా అన్న."

"ఏమన్నవ్?"

"కరీముల్లా మా అన్న."

"ఏడుంటడు? ఊర్లనా?"

"ఊరి బయట. శ్మశానంలో."

"అయ్యో. ఎట్లయింది?"

"గోధుమపిండి లారీ మీద కూర్చుని వస్తున్నాడు. బస్సుకు డబ్బులుంచుకోడు ఎప్పుడూ. మలుపు దగ్గర లారీ బోల్తా పడింది. అన్న మీద పదకొండు బస్తాలు పడ్డాయి. బస్తాలు తీశాక కనుబొమ్మలు కూడా తెల్లగా ఉన్నాయి. నేనే తుడిచాను."

"పెద్దోడా నీకంటె?"

"మూడేళ్ళు. బౌలింగ్ నాకు నేర్పింది వాడే. ఎడం చేత్తో, మణికట్టు తిప్పి. నిన్న కామెంటరీలో అన్నారట, ఈ కుర్రాడి యాక్షన్ ఎవరిలాగా లేదని. అన్నలాగే ఉంది. నేనింతవరకు వేరే ఏమీ కలపలేదు."

"మరి ఈ పేరు?"

"అన్న పోయిన తొమ్మిదో రోజున ఉత్తరం వచ్చింది. జాతీయ క్యాంపుకు రమ్మని. అన్న పేరు మీద."

"నువ్వు నీ పేరు మీదనే పోతె అయిపోవు గద."

"నా పేరు మీద కాగితం ముక్క లేదు. మేం పెరిగింది పెషావర్ దగ్గర శరణార్థుల క్యాంపులో. తిరిగొచ్చాక అన్న ఒక్కడికే గుర్తింపు కాగితం చేయించారు. నాకు తర్వాత చేయిద్దామన్నారు. బాబా ఆ ఉత్తరం మూడు రోజులు జేబులోనే పెట్టుకు తిరిగాడు. నాలుగో రోజు నన్ను పెరట్లోకి తీసుకెళ్ళి, ఆరు బంతులు వెయ్యమన్నాడు. వేశాను. 'ఇద్దరిదీ ఒకటే చెయ్యి, వెళ్ళు' అన్నాడు."

"ఎవలు గుర్తువట్టలేదా?"

"ఎంపిక చేసినవాళ్ళు అన్నను ఒక్కసారే చూశారు. ఊళ్ళోవాళ్ళకు తెలుసు, బయటివాళ్ళకు చెప్పరు. నాకప్పుడు పదిహేడు. కాగితంలో ఇరవై. అండర్ నైన్టీన్ ఆడే వయసే నాది. కాగితం వయసు దాటిపోయిందని ఆడనివ్వలేదు. నిజం చెప్పి ఆడొచ్చు కదా అంటావేమో. చెబితే అసలు ఆడేవాణ్ణే కాను."

"నేనేమంటలేను బిడ్డా. నేనెవన్ని అనెటందుకు?"

"శ్మశానంలో అన్న దగ్గర రాయి పెట్టారు. పేరు చెక్కించలేదు. చెక్కిస్తే ఎవరైనా చదువుతారు కదా. అమ్మ అడిగింది, కనీసం పేరైనా రాయించండి అని. బాబా వద్దన్నాడు. ఆ రోజు నుంచే అమ్మ..."

"నీతోని మాట్లాడుడు బంజేసింది."

"క్యాంపుకు బయల్దేరిన రోజున బాబా వంటింటి దగ్గర నిలబడి, 'కరీముల్లా వెళ్తున్నాడు, దువా చెయ్యి' అన్నాడు. ఆమె పిండి పిసుకుతోంది. తలెత్తలేదు. నేను చాలాసేపు నిలబడ్డాను చాచా. పిండి పిసకడం అయిపోయింది కూడా. అయినా పిసుకుతూనే ఉంది."

"ఇప్పుడు నీ భయమేంది? అమ్మ నిజం చెప్పేస్తదనా?"

"నా పేరు పిలిచిందనుకో, ఆ ఆఫీసువాళ్ళ ముందు, నా ఆట ఇవాళ్టితో అయిపోతుంది. బాబాను స్టేషన్‌కు తీసుకుపోతారు."

"పిల్వదు. తల్లి గద, గంత తెల్వదా? కరీముల్లా అనే అంటది."

"అంటే?"

"అంటె గండం గడుస్తది."

"అమ్మ కూడా నన్ను కరీముల్లా అంటే, ఇంక నేనెక్కడున్నట్టు చాచా? టీమ్‌లో లేను, కాగితంలో లేను. అమ్మ దగ్గరొక్కచోటే ఉన్నాను ఇప్పటిదాకా. మాట్లాడకపోయినా, వేరే పేరుతో పిలవలేదు కదా అనుకునేవాణ్ణి."

"జర జరుగు బిడ్డా, నీ పక్కన కూసుంట."

"ఏమన్నా చెప్పు."

"నాకు ఇంటికి ఫోన్ జేస్తె పోచన్న అనెటోళ్ళు ఉన్నరు. నీ అసుంటి కష్టం నాకు రాలె."

"రత్నాకర్! ఐదు నిమిషాలంటే గంటా?"

"వస్తున్న అన్న గద! బిడ్డా, ఫోన్ మోగుతున్నది."

"పది కాలేదు ఇంకా."

"ఎత్తు."

"నువ్వు వెళ్ళిపోకు చాచా."

"ఈడనే ఉన్న. ఎత్తు ముందు."

"సలాం బాబా. ఆఁ, వినపడుతోంది. అందరికీ సలాం. ఆఁ... ఇవ్వు. అమ్మా? ... అమ్మా... ఆఁ. ... ఆఁ. ... సరే."

"గంతేనా? ఏమైంది? ఫోన్ మీద చెయ్యి పెట్టినవేంది? మీ పష్తో ముక్క నాకు తెల్వదు, చెప్పు."

"అందరూ వింటున్నారు చాచా. 'కరీముల్లా' అంది."

"అన్నదా?"

"'కరీముల్లా, నిన్న ఫోన్‌లో నీ ఆట చూపించారు, దేవుడు నీ చెయ్యి చల్లగా చూడాలి' అంది. అక్కడ అందరూ ఆమీన్ అన్నారు."

"ఇగ గండం గడిచినట్టే గద. బాపుకేం గాదు. నీ ఆటకేం గాదు. కండ్లు తుడ్సుకో."

"ఇంకో మాట కూడా అడిగింది."

"ఏమని?"

"'నీ తమ్ముడు నీ దగ్గరే ఉన్నాడు కదా. వాడితో మాట్లాడి రెండేళ్ళయింది. వాణ్ణొకసారి ఫోన్ దగ్గరికి పిలువు' అంది."

"అంతమంది ముందట?"

"అంతమంది ముందే."

"నువ్వేమన్నవ్?"

"పిలుస్తానన్నాను."

"మరి?"

"లైన్లోనే ఉంది చాచా. వాణ్ణి నేనింకా పిలవలేదు."