ప్రభువు బల్లకు మేం దూరం పెట్టిన చెల్లె

ఆలూరు సంఘస్థులారా, చిన్న మంగళారం నుంచి వచ్చిన కృపాజ్యోతి పుట్టింటివారలారా, సురంగల్ నుంచీ మొయినాబాద్ నుంచీ పనులు మానుకుని వచ్చిన పెద్దలారా,

ఎండలో ఇంతసేపు కూర్చున్నారు. కుర్చీలు చాలక కొందరు గోడవారన నిలబడ్డారు. బొట్టు పెట్టుకున్న అక్కలూ, తలమీద ముసుగేసుకున్న అక్కలూ ఒకే చాపమీద కూర్చుని ఏడవడం ఈ చర్చి ఆవరణలో నేను ఇదివరకు చూడలేదు. ఇది చూడటానికి కృపాజ్యోతి పోవలసి వచ్చింది.

పోయిన గురువారం పొద్దున చామంతి తోటలో పూలు కోస్తూ కూలబడింది. భర్త మారయ్య బావ ఆటోలో వేసుకుని చేవెళ్ల దవాఖానకు చేర్చేసరికే ఊపిరి లేదు. యాభై ఒక్క ఏళ్లు. గుండె బాగాలేదన్న సంగతి ఆమెకే తెలియదు.

నా పేరు యాదయ్య. పద్దెనిమిదేళ్లుగా ఈ సంఘానికి పెద్దను. సంఘంలో నన్ను అన్నా అని పిలిచిన ఈ చెల్లె గురించి నాలుగు మంచి మాటలు చెప్పమన్నారు. చెప్పే అర్హత నాకుందా? మొత్తం వినండి. విన్నాక మీరే తేల్చండి.

చిన్న మంగళారం వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు, ఆమె గొంతు ఎలాంటిదో. పెళ్లికి ముందు ఆ ఊళ్లో బతుకమ్మ ఆడితే పాట ఎత్తేది ఆమే. ఆమె రాలేదంటే ఆట మొదలుపెట్టేవాళ్లు కారట. ఇరవై రెండేళ్ల కిందట బాప్తిస్మం తీసుకుంది. ఆ ఏడు నుంచి బతుకమ్మ పాట పాడలేదు. ఎవరూ మానమనలేదు. తనకు తానే అనుకుని మానేసింది. తల్లి ఎంత ఏడ్చిందో ఆ వాడకట్టంతా ఎరుగుదురు.

నేను పుట్టుకతోనే క్రైస్తవుణ్ణి, అయ్యలారా. మా నాయన నా చేతికి వాక్యం ఇచ్చాడు, నేను పట్టుకున్నాను. అందుకోసం నేను విడిచిపెట్టిందేముంది? ఏమీ లేదు. తనకు ఎంతో ఇష్టమైన పాటను విడిచివచ్చిన మనిషికి నేను భక్తి నేర్పబోయాను.

నాలుగేళ్ల కిందట సంగతి. మొయినాబాద్‌లో మూడు రోజుల కూటాలు జరిగాయి. పట్నం నుంచి ఒక బోధకుడు వచ్చాడు. డిసెంబరు ఇరవై ఐదు మన ప్రభువు పుట్టిన రోజు కాదనీ, పూర్వం సూర్యుణ్ణి మొక్కేవాళ్ల పండుగ అనీ, నక్షత్రమూ చెట్టూ అన్యులవే అనీ చెప్పాడు. నా ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లూ మోసపోయామనుకున్నాను. మర్నాడే నిచ్చెన వేసుకుని చర్చిమీద నక్షత్రాన్ని నా చేతులతో విప్పేశాను. ఈ ఏడు నుంచి మన సంఘంలో క్రిస్మస్ లేదని చెప్పేశాను.

వెనక వరుసలోంచి కృపాజ్యోతి ఒక్కతే లేచింది.

“అన్నా, గా తారీకు ఎవలదైతే ఏంది? సాలుకు గా ఒక్క దినమే మా అవ్వ చర్చి గడప తొక్కుతది. గది గూడ తీసేస్తే ఎట్ల?”

నేను కూర్చోమన్నాను. కూర్చుంది.

క్రిస్మస్ రోజు పొద్దున ఆమె తల్లి రుక్మిణమ్మ అవ్వ కొత్తచీర కట్టుకుని, మనవలను వెంటబెట్టుకుని, గిన్నెనిండా గారెలతో బస్సు దిగింది. తలుపుకు తాళం. ఆ తాళం వేసినవాణ్ణి నేనే, పక్కనే నిలబడి ఉన్నాను. అవ్వ నా మొహం చూసి అడిగింది: “ఏంది బిడ్డా, మీ దేవుడు ఇయ్యాల ఊళ్లె లేడా?”

తాళంచెవి నా జేబులోనే ఉంది, తీయలేదు. కృపాజ్యోతి ఉరికొచ్చి తల్లి చేయి పట్టుకుని తోటలోకి తీసుకుపోయింది. అక్కడే పూలగంపల నడుమ అందరికీ భోజనం పెట్టిందట. నామీద ఒక్క మాట అనలేదట.

ఏడాదిన్నర కిందట రుక్మిణమ్మ అవ్వ జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయ్యాక కూడా కర్ర లేకుండా అడుగు పడదు. ఆ ఏడు తన బతుకమ్మను తానే పేర్చుకుంది కానీ కుంట దాకా మోయలేకపోయింది. ఇంట్లో వేరే ఆడదిక్కు లేదు. తల్లిని చూడటానికి పోయిన కృపాజ్యోతి ఒక చేత్తో బతుకమ్మ ఎత్తుకుంది, ఒక చేత్తో తల్లిని పట్టుకుంది. కుంట గట్టుమీద నిలబడింది. ఆడలేదు, పాడలేదు, మొక్కలేదు. ఎవరో ఫోన్లో వీడియో తీశారు. రెండో రోజుకల్లా అది నా చేతిలో ఉంది.

సంఘం ముందుకు పిలిపించాను. అందరూ చూస్తుండగా అడిగాను.

“మొక్కలేదన్నా. మా అవ్వ చేతులు వణుకుతున్నయి. కింద పడ్తదని పట్టుకున్న.”

తప్పయిందని ఒప్పుకోమన్నాను. ఆమె అంది: “తప్పు జేసినట్టు నా మనసుకు అనిపిస్తే నువ్వు అడగకముందే ఒప్పుకుందును. అబద్ధం ఎట్ల జెప్పాలె, అన్నా?”

నాకు కోపమొచ్చింది. ఒప్పుకునేదాకా ఆమెను ప్రభువు బల్లకు దూరం పెట్టాం. వేరే మతం వాళ్లకు చెబుతున్నాను: నెలకొకసారి, మొదటి ఆదివారం, మేమంతా ఒకే రొట్టె విరుచుకుని, ద్రాక్షరసం పంచుకుంటాం. మాకు అంతకన్నా పెద్దది లేదు. ఆ పళ్లెం పదిహేను నెలలపాటు ఆమె ముందునుంచి పోయింది, ఆమె దగ్గర ఆగలేదు. వేరే సంఘానికి పోవచ్చు కదా? పోలేదు. ప్రతి శనివారం వచ్చి ఈ చర్చి ఊడ్చింది. ఆదివారం వచ్చి వెనక కూర్చుంది.

ఇక నా మూడో తప్పు చెప్పాలి. ఇది మా ఇంటి మాట.

మా ఇంటామె అంతమ్మ పోయిన ఏడు క్యాన్సరుతో మంచం పట్టింది. ఏం పెట్టినా లోపలికి పోయేది కాదు. సద్దుల బతుకమ్మ వచ్చింది. పక్కిళ్లలో నువ్వులు వేయిస్తున్న వాసనకు కళ్లు తెరిచి, “మా అవ్వ జేసిన నువ్వుల సద్ది తినబుద్దయితున్నది” అంది. అది ఆ పండుగకు చేసే అన్నం. నేను వద్దన్నాను. చావబోయే మనిషికి ముద్ద అన్నం వద్దన్నాను, అయ్యలారా. విశ్వాసమనుకున్నాను.

ఈ మాట కృపాజ్యోతికి ఎలా తెలిసిందో తెలియదు. పండుగ అయిన మూడో రోజు మధ్యాహ్నం మా గుమ్మం ముందు నిలబడింది. చేతిలో టిఫిన్ డబ్బా.

“పండుగ ఒడిసినంక తెచ్చిన, అన్నా. ఇయ్యాల ఇది ఉత్త అన్నమే. నీ మనసుకు కష్టం గావద్దని మూడు దినాలు ఆగిన. వదినెకు పెట్టనా?”

నేను పక్కకు జరిగాను. అంతమ్మ నాలుగు ముద్దలు తింది. నెల రోజుల్లో ఆమె తిన్న అన్నం అదే. అన్నం తిన్నాక కృపాజ్యోతి చేయి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ఆ రోజు నాకు అర్థమైంది. మా ఇద్దరిలో విశ్వాసం గట్టిగా ఉన్నది ఎవరికి? బలహీనుడెవరు? బల్లకు దూరం పెట్టిన మనిషే, దూరం పెట్టినవాడి మనస్సాక్షి నొచ్చుకోకూడదని మూడు రోజులు ఆగింది. నేను పండుగల పుట్టుక తెలుసుకున్నాను. నా పక్కన కూర్చున్న మనిషిని తెలుసుకోలేదు.

నన్ను తప్పుగా అనుకోకండి. నేను ఇప్పటికీ బతుకమ్మ ఆడను. ఏది నాది, ఏది కాదు అని వెతుక్కోవడం పాపమని కూడా అనను. ఆమె కూడా వెతుక్కుంది, తనకు తగని దాన్ని విడిచిపెట్టింది. కానీ తాను గీసుకున్న గీతతో ఎవరినీ కొట్టలేదు. నేను కొట్టాను.

మరి తెలిసినప్పుడే ఎందుకు చెప్పలేదు? అంతమ్మను నవంబరులో మట్టి చేశాం. క్రిస్మస్ వచ్చిపోయింది. కొత్త సంవత్సరం ఆరాధన అయిపోయింది. ప్రతి ఆదివారం ఆమెను చూశాను. చెప్పాలంటే అందరి ముందు నేనే తల వంచాలి. ఆ సిగ్గుతో మూడు నెలలు గడిపాను. ఆఖరికి మనసు గట్టి చేసుకుని పాస్టరు గారితో అన్నాను, ఫిబ్రవరి మొదటి ఆదివారం రొట్టె నేనే తీసుకుపోయి చెల్లె చేతిలో పెడతానని. అది మంగళవారం. ఆమెకు చెప్పలేదు. ఆదివారం చెబుదాంలే అనుకున్నాను.

గురువారం పోయింది.

మారయ్య బావా, నీ భార్య ఏ తప్పూ చేయలేదు. ఈ సంఘం ఆమెమీద పెట్టిన నిషేధం తప్పు. సంఘం పుస్తకంలో అలాగే రాయించాను, కింద నా సంతకం ఉంది. దానివల్ల ఆమెకు ఒరిగేదేమీ లేదని నాకు తెలుసు. క్షమించమని అడగాల్సిన మనిషి వినే చోట లేదు. అయినా అడుగుతున్నాను.

మిగిలినవాళ్లకు ఒక్కటే చెబుతాను. మీ ఇళ్లల్లో, మీ సంఘాల్లో, మీ వాడకట్టుల్లో పండుగ పేరుమీదో దేవుడి పేరుమీదో ఎవరినైనా దూరం పెట్టి ఉంటే, ఆదివారం దాకా ఆగకండి. ఇవాళే పోండి.

ఇక అందరూ లేచి నిలబడండి. సంఘస్థులు పాట ఎత్తవద్దు. ప్రార్థన పైకి చెప్పవద్దు. చిన్న మంగళారం వాళ్లు మీకు ఎలా అలవాటో అలాగే తలచుకోండి, చేతులు జోడించాలనిపిస్తే జోడించండి, ఎవరూ ఏమీ అనరు. రుక్మిణమ్మ అవ్వ లేవలేదు, ఆమెను లేపకండి. నేను మైకు దగ్గర ఉండను. అవ్వ పక్కకు వచ్చి నిలబడతాను.

అవ్వా, జర జాగా ఇయ్యి.