వైర్ల మామయ్య కాపాడిన గుట్టు

వైర్ల మామయ్య సెలూన్లో అడుగుపెట్టాడంటే సెలూన్ అన్న కత్తి పక్కన పెట్టేస్తాడు. ఆయన కబుర్లు వింటూ గడ్డం గీయడం ప్రమాదమని అనుభవం మీద తెలిసింది. ఒకసారి నవ్వు ఆపుకోలేక ఒక పెళ్ళికొడుకు మీసంలో సగం లేపేశాడు. ఆ పెళ్ళి ఫొటోలన్నిట్లోనూ పెళ్ళికొడుకు పక్కకి తిరిగే ఉంటాడు.

మామయ్య పని వీధిలో మేడ మీంచి మేడ మీదకి ఇంటర్నెట్ తీగలు లాగడం. నిచ్చెన భుజం మీద ఉన్నంతసేపూ పనిమంతుడే. దించాడంటే మాత్రం నోటికి హద్దూ అదుపూ ఉండవు. కోతలు కోయడంలో ఆయనకి అలుపు లేదు, వినడంలో వీధికీ లేదు. చిన్నా పెద్దా అందరికీ ఆయన మామయ్యే.

ఆ రోజు ముసురు పట్టి ఎవరికీ బేరాల్లేవు. బెంచీ మీద లెక్కల మాస్టారు పేపరు పట్టుకుని, గుమ్మంలో మందుల షాపు అక్క టీ గ్లాసు పట్టుకుని, మూల కుర్చీలో దర్జీ తల పట్టుకుని ఉన్నారు.

దర్జీకి కొన్నాళ్ళుగా కుట్టు సాగడం లేదు. ఒక సినిమా కంపెనీ అతని మీద కేసు వేసింది. ఇంకా విడుదల కాని వాళ్ళ సినిమాని ఎవరో దొంగిలించి నెట్లో పెట్టారట, ఆ దొంగ కాపీ చూసిన కనెక్షన్లలో అతనిదీ ఒకటట. కనెక్షన్ అతని పేరు మీద ఉన్నమాట నిజమే. కానీ నలుగురికీ నాలుగు కనెక్షన్లు రాయడానికి బద్ధకించి, మధ్య షాపు కదా అని నెట్ డబ్బా దర్జీ గోడకి బిగించి, అందులోంచే సెలూన్‌కీ, మందుల షాపుకీ, మాస్టారి ట్యూషన్ గదికీ తీగలు లాగింది సాక్షాత్తూ ఈ మామయ్యే. ఇప్పుడు కంపెనీ అనేది ఒకటే. ఆ కనెక్షన్ మీద ఎవరెవరు ఏమేం చూశారో మొత్తం చిట్టా ఇప్పించు, లేదంటే తప్పు నీదేనని ఒప్పుకో. ఒప్పుకుంటే షాపు అమ్మినా తీరని దావా.

పోనీ చిట్టా ఇప్పిద్దామంటే, సంగతి తెలియగానే ముగ్గురూ ఒకరికి తెలియకుండా ఒకరు వచ్చి బతిమాలారు. "నేనా సినిమా చూళ్ళేదు తమ్ముడూ, చిట్టా మాత్రం ఇవ్వకు" అని ముగ్గురిదీ ఒకే మాట. గుమ్మడికాయల దొంగ అంటే ముగ్గురూ భుజాలు తడుముకున్నట్టయింది. దాంతో దర్జీకి ముగ్గురి మీదా అనుమానమే, ముగ్గురి మీదా జాలే. భార్య మాత్రం కాజాలు కుడుతూ తలెత్తకుండా, "చూసినవాడు దర్జాగా తిరుగుతున్నాడు, చూడనివాడికి నిద్ర లేదు. నీ మంచితనం తగలెయ్య" అంది. వాయిదా రేపే.

"మొన్న నేనా కంపెనీ ఆఫీసుకి వెళ్ళొచ్చాను" అన్నాడు మామయ్య, తడిసిన తువ్వాలు పిండుకుంటూ.

దర్జీ తలెత్తాడు.

"వెళ్ళి కౌంటర్లో ఉన్న అమ్మాయికి చెప్పాను. అమ్మా, ఆ డబ్బా మీద ఉన్నది ఒక్కడు కాదు, తీగలు లాగినవాణ్ణి నేనే, మా దర్జీ అల్లుణ్ణి వదిలెయ్యండి అని. ఆ అమ్మాయి రాసుకుంది."

అక్కడితో ఆపి ఉంటే దర్జీ ఆయన కాళ్ళకి దండం పెట్టేవాడు. ఆ ఒక్క ముక్క జడ్జిగారి ముందు చెప్పే మనిషి దొరికితే చాలన్నదే అతని ఆశ. కానీ ఆపడమన్నది మామయ్య ఒంట్లో లేదు.

"రాసుకుని ఊరుకుందా? లోపలికి ఫోన్ కొట్టింది. తీగల మనిషొచ్చాడు అని అందో లేదో, పై అంతస్తులో కుర్చీలు జరిగిన చప్పుడు. లిఫ్టు దిగింది. అందులోంచి లాయర్లు దిగుతున్నారు, దిగుతున్నారు, లిఫ్టు చూస్తే ఇంతే ఉంది, లాయర్లు మాత్రం తరగడం లేదు. నల్ల కోట్లతో హాలంతా చీకటైపోతే పట్టపగలు లైట్లు వేశారంటే నమ్ముతారా?"

"నమ్మకపోతే ఆపుతావా?" అన్నారు మాస్టారు.

"చిట్టా ఇయ్యి, నువ్వేం కోరితే అది ఇస్తామన్నారు. నేనన్నాను, బాబూ, ఒక మనిషి తలుపేసుకుని ఏం చూస్తాడన్నది ఆ మనిషికీ వాడి గోడకీ మధ్య సంగతి, పీక తెగినా నా నోటి వెంట రాదు. మాటవరసకి మా సెలూన్ అన్న ఉన్నాడు, బట్టతల మీద జుట్టు మొలిపించే నూనెల వీడియోలు చూస్తాడు, చూస్తూ రాసుకుంటాడు కూడా. చెప్పానా ఎవరికైనా? చెప్పను."

సెలూన్ అన్న చెయ్యి తెలియకుండానే నెత్తి మీదకి పోయింది. మాస్టారు పేపరు చాటున కిసుక్కుమన్నారు.

"నవ్వకండి మాస్టారూ, మీ సంగతీ చెప్పలేదు. మూఢనమ్మకాలని వీధినంతా తిట్టిపోసే మనిషి, పొద్దున్నే రాశిఫలాలు చూస్తారు. ఒకచోట బాగోకపోతే ఇంకోచోట చూస్తారు. బాగున్నది దొరికాకే పిల్లల్ని ట్యూషన్ గదిలోకి రానిస్తారు. వాళ్ళెంత గుచ్చి గుచ్చి అడిగినా నేను కిక్కురుమనలేదు."

పేపరు ఇంకాస్త పైకి లేచి మాస్టారి మొహాన్ని పూర్తిగా కప్పేసింది.

"నా జోలికి రాకు" అంది అక్క.

"నీ గురించి అసలే అనలేదమ్మా. ముక్కూ మొహం తెలియని ఎవరో ఆవిడ ఇల్లు కడుక్కుంటుంటే గంటసేపు కన్నార్పకుండా చూస్తావనీ, మీ ఇంట్లో చీపురు మాత్రం మీ ఆయన చేతిలోనే ఉంటుందనీ నాకు తెలియకనా? కడుపులో దాచుకున్నాను."

"ఆ కంపెనీ వాళ్ళు ఒట్టి వెర్రివాళ్ళు" పేపరు వెనకనుంచి మాస్టారి గొంతు వచ్చింది. "అంతమంది లాయర్లెందుకు? నీకొక టీ ఇప్పిస్తే సరిపోయేది."

మామయ్యకి ఇలాంటివి వినపడవు. "ఇక మా అల్లుడు. మిషను దగ్గర్నుంచి ఇక్కడిదాకా తప్ప ప్రయాణం ఎరగడు పాపం. మధ్యాహ్నం భోంచేస్తూ రైలు కిటికీలోంచి తీసిన వీడియోలు చూస్తాడు. మాటల్లేవు, పాటల్లేవు, ఊళ్ళు వెనక్కి పోతుంటాయి, అంతే. ఆ సంగతీ చెప్పలేదు."

దీనికి ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేదనిపించింది దర్జీకి. రైళ్ళ సంగతి భార్యకి కూడా తెలియదు. అదేం తప్పు కాదు, ఒకరి సొమ్ము తిన్నదీ లేదు, అయినా నలుగురి మధ్యా చొక్కా విప్పి నిలబెట్టినట్టయింది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? నన్ను తిన్నగా కోర్టుకి లాక్కెళ్ళారు. జడ్జిగారు కళ్ళజోడు సర్దుకుని, ఏమయ్యా, చిట్టా ఇస్తావా ఇవ్వవా అన్నారు. నేను దగ్గరికెళ్ళి చెవిలో ఒక్కటే అడిగాను. అయ్యా, తమరి ఇంటి తీగ కూడా నేనే లాగాను, చిట్టా అక్కణ్ణుంచి మొదలెట్టమంటారా అని. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. సుత్తి బల్ల మీద కొట్టబోయి మంచినీళ్ళ గ్లాసు మీద కొట్టారు. కేసు కొట్టేశాం, అందరూ బయటికి పొండి అన్నారు."

"కొట్టేశారా?" అన్నాడు దర్జీ. అబద్ధమని తెలుసు, వాయిదా కాగితం జేబులోనే ఉంది, అయినా నోరు ఆగలేదు. మునిగిపోయేవాడికి గడ్డిపోచైనా ఆసరాయే.

"ఆగు అల్లుడూ, అసలు కథ ఇప్పుడే మొదలు. మేం పై కోర్టుకెళ్తామన్నారు వాళ్ళు. నాకు ఒళ్ళు మండిపోయింది. సముద్రం అడుగున దేశం నుంచి దేశానికి పోయే పెద్ద తీగ ఉంటుంది చూశారూ, ఒక్క మునుగు మునిగి, జేబులోంచి కటింగ్ ప్లేయర్ తీసి, టక్కున కత్తిరించేశాను."

"కూట్లో రాయి తీయలేనివాడు ఏట్లో రాయి తీస్తానన్నాడట" అన్నారు మాస్టారు. ఆయన ట్యూషన్ గదిలో గోడ మీంచి ఊడి వేలాడే తీగ ఎన్నాళ్ళయినా అలాగే ఉంది.

"ప్రపంచం ఆగిపోయింది మాస్టారూ. విమానాలు ఎటు పోవాలో తెలియక గాల్లోనే నిలబడిపోయాయి. మొగుడూ పెళ్ళాలు చాన్నాళ్ళకి ఒకరి మొహం ఒకరు చూసుకుని, నువ్వెవరంటే నువ్వెవరనుకున్నారు. నాకే జాలేసింది. అతికిద్దామంటే టేపు తడిసిపోయింది. ఏం చెయ్యను, ఈ కొస ఈ చేత్తో, ఆ కొస ఆ చేత్తో పట్టుకున్నాను. అరగంటసేపు భూమ్మీద జనం చూసే వీడియోలన్నీ నా ఒంట్లోంచే పోయాయి. ఈ భుజంలోంచి పాటలు, ఆ భుజంలోంచి ఫైటింగులు, వంటల వీడియోలన్నీ పొట్టలోంచి. అందుకే అప్పట్నుంచీ నాకు ఆకలి తెలియదు."

"అయితే జనం చూసేవన్నీ నీకు కనపడిపోయాయా?" అన్నాడు సెలూన్ అన్న.

"ఛ, అదేం మాట? గట్టిగా కళ్ళు మూసుకున్నాను. ఒకళ్ళ గుట్టు మనం చూడకూడదు కదా."

పరువు పోయిన ముగ్గురూ ఆ మాటకి పడీ పడీ నవ్వారు. దర్జీకి మాత్రం నవ్వు రాలేదు, కోపం వచ్చింది. తన మెడకి చుట్టుకున్న కేసు ఈయనకి పొద్దుపోయే కథయింది. రేపు ఆ బోనులో నిలబడేది తను ఒక్కడే. ఆడపిల్ల చదువూ, భార్య కాజాలూ, తండ్రి నాటి మిషనూ అన్నీ తనతోపాటు అక్కడే నిలబడతాయి.

"ఇంతలో పడవేసుకుని ఎవరొచ్చారనుకున్నారు? కంపెనీ ఓనరు. మోకాళ్ళ మీద పడి, తీగ కలపండి బాబూ, కేసూ వద్దు ఏమీ వద్దు, మీ అల్లుడికి జీవితాంతం మా సినిమాలన్నీ ఉచితం అన్నాడు. నేనూరుకుంటానా? ఉచితంగా ఇచ్చినా నీ సినిమా ఎవడు చూస్తాడయ్యా, ముందు ఆ రెండో సగం బాగుచేసుకో అన్నాను. అంత మంచి అన్నయ్యని చివరి పావుగంటలో హంతకుణ్ణి చేస్తావా, ఎవడైనా నమ్ముతాడా, పైగా ఆ లైట్‌హౌస్ మెట్ల మీద ఫైటొకటి దండగ అని మొహం మీదే అనేశాను."

అక్క టీ గ్లాసు కిందికి దించింది. "అన్నయ్య హంతకుడా? పోస్టరు మీద హీరో భుజం మీద చెయ్యేసి నవ్వుతుంటాడు, ఆయనేనా?"

"ఆయనే. నాకు ముందే అనుమానం వచ్చిందనుకో. అంత ఎండలో చేతులకి గ్లోవ్స్ వేసుకున్నప్పుడే అనుకున్నాను. ఆ తర్వాత మెట్ల మీద ఏమవుతుందో తెలుసా? తమ్ముడు రెండు మెట్లు కింద ఉంటాడు, పైనుంచి వీడు..."

మాస్టారు పేపరు మడిచి బెంచీ మీద పెట్టారు. సెలూన్ అన్న నవ్వు సగంలో ఆగిపోయింది. మామయ్య మాత్రం ఇంకా లైట్‌హౌస్ మెట్లెక్కుతూనే ఉన్నాడు. చేతులతో ఫైటు కూడా చేసి చూపిస్తున్నాడు.

దర్జీ కుర్చీలోంచి లేచాడు.

"మామయ్యా" అన్నాడు మెల్లగా. "ఆ సినిమా విడుదల వచ్చే శుక్రవారం కదా."

మామయ్య చేతులు గాల్లోనే ఉండిపోయాయి. నోరు తెరిచే ఉంది గానీ మాట రాలేదు. ఆయన్ని ఎరిగిన ఇన్నేళ్ళలో వీధిలో ఎవరూ ఆ దృశ్యం చూడలేదు.

"అది కాదు అల్లుడూ" అన్నాడు చివరికి. "తీగలో సిగ్నల్ వస్తోందో లేదో పరీక్ష చెయ్యాలి కదా. నీ డబ్బా దగ్గర కూర్చుని ఏదో ఒకటి పెట్టి చూడాలి. అలా చూస్తుంటే వేలు తగిలి..."

"వేలు తగిలి చివరి పావుగంటదాకా ఉండిపోయావా?" అన్నారు మాస్టారు.

"చెప్పకూడదని కాదండీ. నా పేరు చెబితే చిట్టా ఇవ్వాలంటారు, చిట్టా ఇస్తే మీ ముగ్గురి పరువూ పోతుంది. మీ కోసమే కదా నేను..."

"మా పరువు సంగతి ఇందాకే చూసేశావుగా" అంది అక్క. "ఇంక దాచుకోడానికి మా దగ్గర ఏముంది? తమ్ముడూ, రేపు కోర్టుకి నేనూ వస్తాను. ఆ డబ్బా మీద నేనూ ఉన్నానని చెబుతాను."

"సెలూన్ మూసేసి నేనూ వస్తా" అన్నాడు సెలూన్ అన్న. మాస్టారు తలూపారు. రేపటి రాశిఫలం ఎలా ఉందని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

మామయ్య నిచ్చెన అందుకుని గుమ్మం వైపు కదిలాడు. అక్క పక్కకి జరగలేదు. దర్జీ వెనకనుంచి వచ్చి, కుర్చీ మీద మరిచిపోయిన తువ్వాలు తీసి ఆయన భుజం మీద వేశాడు. అతని గొంతులో కోపం లేదు, అలుపు ఉంది.

"చిట్టా అక్కర్లేదు మామయ్యా. ఎవరేం చూశారో నువ్వు ఎవరికీ చెప్పక్కర్లేదు. రేపు నాతో వచ్చి, నువ్వు చూసిందొక్కటే చెప్పు."