యూనన్ వాయించని గీతం

ఫాదర్ గారూ, నోరా పెద్దమ్మా, ఈ వానలో పడి లెటర్‌కెన్నీ దాకా వచ్చిన బ్యాండువాళ్ళందరూ! ఈ డాన్సు హాల్లో ఇంతమంది కదలకుండా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. నోరా పెద్దమ్మ పెద్దకొడుకు, మన డ్రమ్మర్ యూనన్ గిల్డియాను నిన్న మట్టిలో పెట్టి వచ్చాం. అతని పక్కన ఏళ్ళ తరబడి పాడిన బ్రీజ్‌ను నేను. ఏడవడానికి రాలేదు. నాకు ఒళ్ళు మండిపోతోంది.

ఈ పంతొమ్మిది వందల డెబ్భై రెండో సంవత్సరం మనకెలా మొదలైంది? మన పాట రేడియోలో మోగింది. ఈస్టరు ముందు లెంటు ఉపవాసాలు రాగానే ఇక్కడి హాళ్ళు మూతపడ్డాయి. ఎప్పటిలాగే పొట్ట చేతపట్టుకుని ఇంగ్లండు వెళ్ళాం. కావెంట్రీలో ఒక తాగుబోతు నా ముఖం మీదికి సీసా విసిరాడు. యూనన్ డ్రమ్ముల మీంచి దూకి, ఇనుప స్టాండుతో వాడి మూతి పగలగొట్టాడు. తర్వాత ఏం చేశాడు? నెత్తురోడుతున్న వాణ్ణి తానే భుజాన వేసుకుని ఆసుపత్రికి మోశాడు. "పళ్ళు రాలగొట్టింది నేను, పక్కన కూర్చోవలసిందీ నేనే. నువ్వెళ్ళి పాడుకోవే" అన్నాడు నాతో. సాధువని చెప్పను. ఒట్టి కోపిష్ఠి. కానీ తాను కొట్టినవాణ్ణి వదిలేసి పోయే రకం కాదు.

అక్టోబరులో సరిహద్దు దాటి, బ్రిటన్ ఏలుబడిలోని ఉత్తర ఐర్లండుకు వెళ్ళాం. ఆఖరి డాన్సు కాగానే బ్యాండు జాతీయగీతం వాయించాలి, హాలంతా లేచి నిలబడాలి. ఇక్కడైతే ఒక్కటే గీతం. అక్కడ? కేథలిక్కుల హాలైతే మన ఐర్లండు గీతం, ప్రొటెస్టెంట్ల హాలైతే వాళ్ళ బ్రిటన్ గీతం. ఆ రోజు ఒకే హాల్లో రెండు మతాలవాళ్ళూ ఉన్నారు. అంతసేపూ కలిసి డాన్సు చేశారు, నవ్వుకున్నారు! ఏది వాయించాలో చెప్పకుండా మేనేజరు జారుకున్నాడు. "మాది వాయించండి!" "మాది వాయించకపోతే చంపుతాం!" యూనన్ డ్రమ్ము కర్రలు కింద పెట్టేశాడు. "ఎవరిదీ వాయించం. ఇళ్ళకు పోండ్రా, మీ అమ్మలు కాచుకుని ఉంటారు" అన్నాడు.

కుర్చీలు లేచాయి. యూనన్ నన్ను పియానో కిందికి తోశాడు. డ్రమ్ముల మధ్య ఇరుక్కుపోయిన మనిషిని కొట్టారు, తొక్కారు. ఎముక విరిగిన చప్పుడు నా చెవులతో విన్నాను. ఎవరు కొట్టారు, ఎవరు కొట్టారు అని ఊరంతా అడుగుతోంది. చూసింది నేను. వాళ్ళ గీతం అడిగినవాడూ కొట్టాడు, మన గీతం అడిగినవాడూ కొట్టాడు. మొదటి కుర్చీ ఎత్తింది మనవాడే. పేరు అడగకండి, చెప్పను.

ఫెలిమ్! తల దించుకోకురా. అన్న కోసం నీ రక్తం ఉడుకుతోంది. బయట నీ వ్యానులో పెట్రోలు డబ్బాలున్నాయని ఈ సభలో సగం మందికి తెలుసు, నోరు విప్పే దమ్ము ఒక్కడికీ లేదు. ఎవరి ఇల్లు తగలబెడతావు? వాళ్ళదా? మరి మనవాడిది? నోరా పెద్దమ్మకు ఇక మిగిలింది నువ్వొక్కడివేరా నాయనా!

లేవండి, అందరూ లేవండి. వాయిద్యాలు ఎవరూ ముట్టుకోవద్దు. ఇవాళ ఏ గీతమూ లేదు. ఫెలిమ్, ఆ వ్యాను తాళాలు మీ అమ్మ చేతిలో పెట్టు. నువ్వు పెట్టేదాకా మేమిలా మాట్లాడకుండా నిలబడే ఉంటాం.