రెండు ట్రాక్టర్లు లాగిన మిర్చి లారీ

"అమ్మమ్మా, ఈ రిజల్టెంట్ ఫోర్సు లెక్కలు నాకు బుర్రకెక్కట్లేదు. అమ్మనడిగితే 'అమ్మమ్మనడుగు, లారీ సంగతి చెబుతుంది' అని నవ్వుతోంది. ఏంటది?"

అట్టా అందా మీ అమ్మ? అంటుంది, అనదూ మరి! రోజూ చీరాల రైలెక్కి పోయి కాలేజీలో ఊరందరి పిల్లలకీ ఫిజిక్సు చెప్పొస్తుంది, సొంత కూతురికి చెప్పమంటే నా మీదకి తోసేసింది. సరే, ఇట్టా రా, ఆ పీట లాక్కో. ఊరికే కూర్చోకు, ఈ ఎండుమిరపకాయలకి తొడిమలు తీస్తా విను. ఆ చేతులు కళ్ళకి పెట్టుకునేవు, నీకసలే అలవాటు లేదు.

అప్పుడు మీ అమ్మకి నీ వయసే. తొంభై తొమ్మిదో, రెండువేలో... టీవీ కొన్న ఏడాది కాదు, ఆ మరుసటేడు. పొద్దున్నే బస్సెక్కి చిలకలూరిపేట పోయి ఇంటర్ చదివేది. ఇంటికొస్తే చాలు, పలక మీదా, గోడ మీదా, ఆఖరికి పొయ్యి అరుగు మీద కూడా బొగ్గుతో బాణం గీతలే. ఒకటి ఇటు, ఒకటి అటు, మధ్యలో ఇంకోటి. పైకి చదువుతా ఉండేది, పొయ్యి దగ్గర నాకు వినపడేది, అట్టా నాకూ సగం వచ్చేసింది. నవ్వుతావేం? వచ్చింది మరి. మా తమ్ముడొచ్చినప్పుడల్లా ఎగతాళి చేసేవాడు, "ఏమే సుజాతా, ఈ బాణాలన్నీ ఎవరి మీద వేస్తావే?" అని. అది ఉలకదు పలకదు, గీసుకుంటానే ఉండేది. మొండిఘటం. నా పోలికే.

మా అన్నయ్య, మా తమ్ముడు నీకు తెలుసు గదా. నాకు ఊళ్ళో సంబంధమే చేశారు, పుట్టిల్లూ అత్తిల్లూ ఆ బజారు నుంచి ఈ బజారు. మా నాన్న పోయాక చేలు పంచుకున్నారా, ఆ పంపకాల్లో ఒక గట్టు దగ్గర పేచీ వచ్చింది. జానెడు గట్టు! నాదంటే నాదని మాటామాటా పెరిగి, మా తమ్ముడు "ఈ గట్టు దాటి నీ చేలో కాలు పెడితే నేను నాన్నకి పుట్టినోణ్ణే కాదు" అని ఒట్టేసుకున్నాడు. అన్నయ్య తక్కువ తిన్నాడా, "నేను పిలిస్తే గదా నువ్వు రావడానికి" అన్నాడు. ఇంక మాటల్లేవు. పెళ్ళిళ్ళలో కూడా ఒకడు ఈ పంక్తిలో, ఒకడు ఆ పంక్తిలో. మధ్యలో నేను, ఇద్దరికీ వడ్డించలేక చచ్చేదాన్ని.

ఆ ఏడు మా కాయ బ్రహ్మాండంగా పండింది. కల్లంలో ఆరబోస్తే ఎర్రగా, కళ్ళు చెదిరేటట్టు ఉందనుకో. టిక్కీలు, అదేనే, బస్తాలు, తొక్కి కుట్టించి గుంటూరు యార్డుకి లారీకెత్తించాం. ఏడాది కష్టమంతా ఆ లారీ మీదే ఉంది. బయల్దేరిందా, డొంకలో, చేల మధ్య బండ్లబాటలేదూ, అక్కడ దిగబడింది. కాలవ ఊట నీళ్ళతో నల్లరేగడి జిగురై ఉంది. చక్రం తిరిగేకొద్దీ లోపలికే పోతోంది. తూర్పున చూస్తే మబ్బు, పట్టా చూస్తే తారురోడ్డు మీది కొట్లో ఉంది. తడిస్తే ఏముందే, అంత మంచి కాయా తాలు కింద, చచ్చు ధరకి పోవాల్సిందే.

ఊళ్ళో ట్రాక్టర్లు లేక కాదు. తోడబుట్టినోళ్ళు ఉండగా ఆడపడుచు పంటకి పరాయివాడు తాడు కడితే వాళ్ళకి నామర్దా. అందుకని ఎవరూ ముందుకు రాలేదు. అన్నయ్య తన ట్రాక్టరు తెచ్చాడు, తమ్ముడు తనది తెచ్చాడు, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా చెరో తాడూ లారీ ముందు కొక్కేనికి కట్టారు. డొంకలో అడుసు గదా, ట్రాక్టరు దిగితే అదీ కూరుకుపోద్ది. అందుకని చేలోంచే లాగాలి. ఎడమ పక్కంతా అన్నయ్య చేను. కుడి పక్క లారీ ఆగిన చోటిదాకా తమ్ముడిది, ఆ ముందు మళ్ళీ అన్నయ్యదే. మధ్యలో ఆ పాడు గట్టు! తమ్ముడు గట్టు దాటడుగా, తన చేలోనే పక్కకి నిలబెట్టి లాగాడు. లారీ మూతి కుడి పక్కకి తిరిగింది. "వాడు నా మీద పోటీకి లాగుతున్నాడు" అని అన్నయ్య తనూ ఎడమకి జరిగి లాగాడు. ఇటు తిరిగితే ఈయన ఇంకాస్త, అటు తిరిగితే ఆయన ఇంకాస్త. పొగలు కక్కుతున్నాయి రెండూ. లారీ మాత్రం పెళ్ళికూతురల్లే తల ఇటూ అటూ తిప్పడమే గానీ అడుగు ముందుకెయ్యదు. మీ తాతయ్య లారీ మీద కూర్చుని కిక్కురుమనడు. బావమరుదులిద్దరి మధ్య ఏమని నోరెత్తుతాడు పాపం.

అప్పుడొచ్చింది మీ అమ్మ. బస్సు దిగి పుస్తకాలతోనే చేలోకొచ్చింది. కాసేపు తాళ్ళ వంక చూసింది. చూసి, గట్టిగా, ఊరందరి ముందూ, "పెద్ద మామయ్యా! ఆపండి ఇద్దరూ! తాళ్ళ మధ్య కోణం నూట ఇరవై దాటిపోయింది. మీరిద్దరూ కలిసి లాగేది ఒక్కరు లాగేదానికన్నా తక్కువ" అంది.

అన్నయ్యకి కోపమొచ్చింది. "ఏందే, నేను తక్కువ లాగుతున్నానా?" అన్నాడు.

"నువ్వు తక్కువ కాదు మామయ్యా, చిన్న మామయ్య కూడా తక్కువ కాదు. ఇద్దరూ కలిస్తేనే తక్కువ అవుతున్నారు" అంది.

నా కడుపున పుట్టిందేనా ఇది అనిపించింది నాకు.

"నీ బాణాలు ఇక్కడ పనిచెయ్యవులే పోవే" అన్నాడు తమ్ముడు. అది ఊరుకుంటుందా! డ్రైవరు దగ్గర నీళ్ళ క్యాను తీసుకుంది, నిండుగా ఉంది, దాని పిడికి తాడు మధ్యలో కట్టింది. ఒక కొస పెద్ద మామయ్యకి, ఒక కొస చిన్న మామయ్యకి. మేనకోడలు అడిగితే కాదనలేరుగా, పట్టుకున్నారు. "దూరం జరిగి లేపండి" అంది. లాగారు, లాగారు, చేతులు వణుకుతున్నాయి, మెడనరాలు ఉబ్బుతున్నాయి, క్యాను నేల మీంచి లేచిందీ అంటే లేచిందంతే. "ఇప్పుడు దగ్గరికి రండి" అంది. ఇద్దరూ బిగుసుకుపోయారు. "రండి మామయ్యా, మా అమ్మ కాయ తడుస్తుంది" అంది. ఆ మాటకి వచ్చారే! ఒక్కో అడుగూ వేసుకుంటా, భుజానికి భుజం తగిలేదాకా వచ్చారు. క్యాను పువ్వల్లే లేచింది. చిన్నప్పుడు ఆ ఇద్దరూ అట్టాగే కర్రకి బిందె తగిలించుకుని నాకు నీళ్ళు మోసుకొచ్చేవాళ్ళు, ఆ సంగతి గుర్తొచ్చి నాకు ఏడుపాగలేదు.

అయితే ఏం లాభం? తాళ్ళు దగ్గరవ్వాలంటే ట్రాక్టర్లు రెండూ ముందుకు పోవాలి. తమ్ముడు ముందుకు పోవాలంటే గట్టు దాటాలి. వాడు గట్టు వంక చూసి తల దించుకున్నాడు. ఒట్టు గదా. అన్నయ్య పిలవాలి, పిలవడు. పైన ఒక ఉరుము ఉరిమింది.

అన్నయ్య ఏం చేశాడో తెలుసా? ట్రాక్టరు మీది పార తీసుకున్నాడు. నేను దడుచుకున్నాను, ఎవణ్ణి కొడతాడో అని. తిన్నగా పోయి ఆ గట్టుని నరకడం మొదలుపెట్టాడు. ఏ గట్టు కోసమైతే తమ్ముణ్ణి వదులుకున్నాడో ఆ గట్టునే! ట్రాక్టరు పట్టేంత గండి కొట్టి, చెమట తుడుచుకుని, పక్కకి తిరిగి, "మిరప మోళ్ళున్నాయి, టైరు చూసుకుని తోలరా" అన్నాడు. ఎన్నేళ్ళకో ఆ 'రా' అన్న పిలుపు. ఇంక దాటడానికి గట్టే లేదుగా, తమ్ముడు కళ్ళు తుడుచుకుంటా గేరేశాడు.

ఇద్దరూ ముందుకెళ్ళి డొంకకి అటొకడు ఇటొకడు ఒరుసుకుని నిలబెట్టారు, తాళ్ళు జడపాయల్లే దగ్గరకొచ్చాయి. మీ అమ్మ చెయ్యెత్తి "ఊఁ!" అంది. ఒక్క ఊపు. అంతే. లారీ అడుసులోంచి లేచి వచ్చేసింది. తారురోడ్డెక్కి పట్టా కప్పాక పడింది వాన. నా కాయ ఒక్కటంటే ఒక్కటి తడవలేదు! ఆ తర్వాత మా తమ్ముడు ఎక్కడ కూర్చున్నా ఇదే కబురు, "మా మేనకోడలు బాణం గీసిందంటే లారీ కదలాల్సిందే" అని. ఎగతాళి చేసిన నోరేగా అది! నేను మాత్రం తక్కువా, పాలవాడికి కూడా చెప్పాను.

ఆ గండి ఇప్పటికీ అట్టాగే ఉంది. నువ్వు పూడ్చమంటే నువ్వు పూడ్చమని ఇద్దరూ ఇన్నేళ్ళు గడిపేశారు. ఈసారి పోయినప్పుడు చూపిస్తాలే, రెండు ట్రాక్టర్లూ అందులోంచే పోతాయి.

ఆఁ, అదమ్మా రిజల్టెంటంటే. అర్థమైందా? అయితే ఆ లెక్క తియ్యి. తియ్యి, నేను చూస్తా ఉంటా. రాకపోతే మళ్ళీ చెయ్యి, ఏం పర్లేదు. మీ అన్నని కూడా పిలువు, కలిసి చేసుకోండి. నిన్నటి నుంచి వాడితో మాట్లాడట్లేదంటగా? నేను చూడలేదనుకున్నావా! పోయి పిలువు తల్లీ, చల్లగా ఉండండి ఇద్దరూ... అయ్యో, కళ్ళు నలుపుకోవద్దన్నానా!