నాన్న గీత

మాచర్ల. గంగయ్య పోయి నలభై రోజులైంది. మధ్యాహ్నం వేళ ఇంట్లో భార్య దుర్గమ్మ, కూతురు తిరుపతమ్మ.

"మూసెయ్యవే తిరుపతమ్మా ఆ ల్యాప్‌టాపు. అన్నం చల్లారిపోతంది."

"ఆగమ్మా. ఒక్క నిమిషం. ఐపోవచ్చింది."

"పొద్దుట్నుంచీ ఒక్క నిమిషమే. సోమవారం పరీక్ష పెట్టుకొని ఏం గీస్తన్నావే దాంట్లో?"

"నాన్నని."

"నాన్ననా?"

"నాన్న ఊపిరిని. రోజూ నాన్న వేలికి క్లిప్పు పెట్టి, ఆక్సిజన్ ఎంతుందో ఫోటో తీసి పంపేదానివి కదా నాకు. నూట నలభై రెండు ఫోటోలున్నయ్ నా ఫోన్లో. ఒక్కోదాంట్లో తేదీ, అంకె చూసి ఎక్కించా. పైథానని కంప్యూటర్ భాష, దాంట్లో ఒక లైబ్రరీ ఉందిలే. తేదీలూ అంకెలూ ఇస్తే అదే గీత గీసి, బొమ్మ చేసి ఇస్తది."

"పోయిన మనిషికి గీతలెందుకే ఇప్పుడు?"

"ఏ రోజు నుంచి దిగాడో చూడాలి. ఏ రోజు నేను వైజాగ్‌లో రైలెక్కాల్సిందో, ఎక్కలేదో. అది తెలియక నాకు నిద్ర పట్టట్లేదమ్మా."

"నువ్వొస్తే మాత్రం ఆగేదా? ఇరవై ఏళ్ళు ఆ బండలు కోసే మిషన్ కాడే నిలబడ్డాడు. దుమ్మంతా లోపలే పేరుకుంది. డాక్టరు చెప్పలా?"

"నువ్వూ నిలబడ్డావుగా పక్కనే. నిన్న గూడా పోయొచ్చావు."

"నా సంగతి ఇప్పుడెందుకు? లే, తిను."

"ఇదిగో, వచ్చింది. ఇట్టా రా. ఈ ఎడం పక్కది డిసెంబరు. తొంభై మూడు. కొద్దికొద్దిగా దిగాడు. ఇక్కడ, శివరాత్రికి, కోటప్పకొండ తిరనాళ్ళ రోజు, ఎనభై ఐదు."

"ఊఁ."

"తెల్లారి తొంభై ఆరు. నిట్టనిలువునా ఎక్కింది చూడు. ఆ ఫోటో చూసి హాస్టల్లో ఏడ్చానమ్మా, సంతోషం పట్టలేక. మా నాన్నకి మందు పనిచేసిందని రూములో అందరికీ చాక్లెట్లు పంచా."

"తెలుసులే. ఫోన్లో చెప్పావుగా. మీ నాన్నా విన్నాడు."

"అక్కణ్ణుంచి చదును. పోయిన రోజు పొద్దున గూడా చదునే. తొంభై దాటి ఉన్న మనిషి సాయంత్రానికి అట్టా ఎట్టా పోతాడమ్మా? నేనే తప్పు ఎక్కించానేమోనని రెండుసార్లు సరిచూశా. తప్పు లేదు."

"ఆ క్లిప్పు పాడయ్యిందేమోలే."

"పాడైతే రోజుకో రకంగా చూపిస్తది. ఇది అట్టా లేదు."

"నాకేం తెలుసే? ఆశా వర్కరు ఇచ్చింది, పెట్టాను. అంతే."

"వీడియో కాల్ చేస్తే నిద్రపోతన్నాడనేదానివి. ఎప్పుడు చేసినా నిద్రే."

"నిద్రపోడా జబ్బు మనిషి?"

"అమ్మా. ఇటు చూసి చెప్పు."

"చూస్తన్నాగా."

"గోడకేసి చూస్తన్నావు."

"నీళ్ళియ్యి. దగ్గు ఆగట్లా."

"ఇంద. మెల్లగా తాగు. ఈ దగ్గేందమ్మా, నేనొచ్చినకాణ్ణుంచీ వింటన్నా."

"ఏం లేదు. దుమ్ము."

"ఎవరి వేలమ్మా అది?"

"ఏ వేలు?"

"ఫోటోలో వేలు. తిరనాళ్ళ తెల్లారి నుంచి ఎవరిది?"

"నాది."

"అమ్మా!"

"ఆ ఎనభై ఐదు చూసి ఫోన్లో ఏడ్చావు నువ్వు. పరీక్షలు వదిలేసి వస్తన్నా అన్నావు. తెల్లారి పెడితే డెబ్బై తొమ్మిది చూపించింది. నీకు పంపబోయా. మీ నాన్న తన వేలికున్న క్లిప్పు పీకి నా వేలికి పెట్టాడు. 'ఇది పంపు. పిల్లని చదువుకోనియ్యి' అన్నాడు."

"నువ్వు ఒప్పుకున్నావు."

"ఊపిరాడని మనిషి చేతులు పట్టుకొని అడిగితే ఏం చెయ్యమంటావే? రోజూ నీకు చెబుదామనే అనుకున్నా. రోజూ నా వేలే పెట్టా. తిట్టు. కొట్టు నన్ను. నాకు ఏడుపన్నా వస్తది."

"నాకెట్టా తెలియలేదమ్మా? నాన్న వేలు నాకు తెలియదా?"

"ఎట్టా తెలుస్తది? ఇద్దరి వేళ్ళూ ఒక్కలాగే ఉండె. బండల రాపిడికి గోళ్ళు గూడా అరిగిపోయినయ్. ఏడవమాక. మా అమ్మవు కదూ. తీసెయ్ ఆ బొమ్మ. అది మీ నాన్న కాదుగా."

"అవును, కాదు. ఇక్కణ్ణుంచి నాన్న కాదు. ఇదంతా నువ్వే. ఆగు, ఆగు."

"మళ్ళీ ఏంది?"

"కింద సున్నా నుంచి పైన వందదాకా గీయించా నేను. అందుకే చదునుగా కనబడతంది. ఎనభై నుంచి గీయిస్తా. ఒక్క అంకె మారిస్తే చాలు."

"వద్దులేవే. కూర చల్లారి..."

"ఇది చదును కాదమ్మా. దిగుతంది. తిరనాళ్ళ తెల్లారి తొంభై ఆరు. మార్చి చివర తొంభై నాలుగు. నాన్న పోయిన రోజు తొంభై ఒకటి. రోజూ చూశా ఈ అంకెలు! నాన్నకి తొంభై పైన ఉంది, చాల్లే అనుకున్నా."

"నిద్ర చాలక ఉంటది. మీ నాన్న కాడ మేలుకొని."

"నాన్నదీ ఇట్టాగే మొదలైంది. ఆ పక్క గీత చూడు, ఈ పక్క గీత చూడు. ఒక్కటే వాలు. క్లిప్పు ఎక్కడ పెట్టావు?"

"ఇప్పుడెందుకే?"

"వేలు ఇటియ్యమ్మా!"

"అరవమాక. పొద్దున పెట్టుకొని చూసుకున్నా. ఎనభై ఆరు. సోమవారం పరీక్ష రాసొస్తావుగా తల్లీ, అప్పుడు చెబుదామనుకున్నా."