నీళ్లంటే భయం

జమామి దీవి రేవు. యాభై ఎనిమిదేళ్ల ఫుమియే, జీవితంలో మొదటిసారి సముద్రం అడుగు చూసి వచ్చి, గట్టు మీద కూలబడింది. పక్కన చెల్లెలు చినాత్సు. ఇద్దరి మధ్యా నూనెలో వేయించిన తీపి ఉండల పొట్లం. మొగుడు పోయాక చినాత్సు ఈ దీవికి రావడం ఇదే మొదలు.

“...అంటే, నువ్వు చూసింది తాబేలు కాదక్కా.”

“ఇప్పుడు చెప్తావేమే? అంతసేపు కన్నార్పకుండా చూశాను.”

“రాయిని చూశావు. తాబేలు నీ వెనకనుంచి వెళ్లింది. గైడు భుజం తట్టి మరీ చూపించాడు.”

“అందుకా తట్టింది? పొట్ట పొడుచుకొచ్చిందంటున్నాడేమో అనుకుని లోపలికి లాక్కున్నాను. ఆ రబ్బరు సూటులోకి నన్ను దూర్చడానికి ఇద్దరు మగాళ్లు పట్టారు. ఒకడు లాగుడు, ఒకడు తోపుడు. మా కొట్లో నూడుల్స్ పిండిని కూడా నేనంత పిసకను.”

“పడవంతా నవ్వింది.”

“నవ్వరూ మరి. సరే, ఆ నీలం చేపని మాత్రం చూశాను. బాగుందని గైడుకి సైగ కూడా చేశాను.”

“అందంగా ఉందనా?”

“తాజాగా ఉందని. బజార్లో అంత నిగనిగలాడేది దొరికి ఎన్నాళ్లయింది? పచ్చిగా సన్నగా కోసి, నిమ్మకాయ పిండితే...”

“అక్కా.”

“నా బుద్ధి అంతేనే. ఇంకోటి ఇసకలో పడుంది. నల్లగా, లావుగా, ఎటు తోస్తే అటు దొర్లుతూ.”

“సముద్ర దోసకాయ అంటారు దాన్ని.”

“ఏదైతేనేం. అంతమంది అందగత్తెల మధ్య నాకూ ఒక చుట్టం కనిపించింది.”

“నవ్వించకు, పొలమారుతుంది.”

“నవ్వు. నువ్వు నవ్వగా చూసి ఎన్నాళ్లయిందో.”

“...టీ పొయ్యనా?”

“పొయ్యి.”

“ఒకటడుగుతాను. మోకాలి లోతు నీళ్లంటేనే నీకు వణుకు. నా పెళ్లిరోజు ఒడ్డున ఫొటో దిగుదాం రమ్మంటే గొడుగేసుకుని రోడ్డు మీదే నిలబడ్డావు. ఇప్పుడీ వయసులో నా వెంట ఎందుకొచ్చావు?”

“డాక్టరు చెప్పాడు. నీళ్లలో దిగితే మోకాళ్లకి మంచిదట.”

“ఏ డాక్టరు?”

“ఉన్నాడులే ఒకడు.”

“పళ్ల డాక్టరు తప్ప నీకింకో డాక్టరు లేడు.”

“ఆయనే చెప్పాడు.”

“అక్కా, నిజం చెప్పు.”

“...నీ పిల్లి.”

“నా పిల్లికేమైంది?”

“మొన్న మీ ఇంటికొస్తే పక్కింటావిడ ఒళ్లో ఉంది. నాలుగు రోజులు చూసుకోమన్నావేమో అనుకున్నాను. కాదట. పళ్లెం, పరుపుతో సహా ఇచ్చేశావట. దీవికి పోయి వచ్చేదానికి పిల్లినెవరైనా ఇచ్చేస్తారా?”

“దాని మాటెందుకిప్పుడు?”

“నేనేం అడగట్లేదు. ఉండలు చల్లారిపోతున్నాయి, తిను.”

“మా ఆయన ఉండగా ఏటా ఇక్కడే దిగేవాళ్లం. ఆ పగడాల గట్టు చివర నేల ఒక్కసారిగా తెగిపోతుంది చూడు. ఆపైన అంతా నీలమే, అడుగు కనిపించదు.”

“నేనేం చూశాను, నా అద్దం నిండా నీళ్లు.”

“అక్కడిదాకా వెళ్లానక్కా. నీ చెయ్యి వదిలేసి.”

“తెలుసు. వదిలేశావు.”

“తిరిగి రాకూడదనే వచ్చాను ఈ దీవికి. వినపడిందా?”

“వినపడింది. చెప్పు.”

“పోయేముందు ఒక్కసారి వెనక్కి చూశాను. నువ్వు తలకిందులైపోయి ఉన్నావు. కాళ్లు పైకి, కాలికి తొడిగిన రబ్బరు తెడ్డొకటి ఊడిపోయి. నిన్ను నిటారుగా నిలబెట్టడం గైడు ఒక్కడి వల్ల కావట్లేదు. నీ చెయ్యొకటి అటూ ఇటూ నాకోసం తడుముకుంటోంది. నిన్నిలా వదిలేసి ఎలా పోను అనిపించింది.”

“వచ్చి పట్టుకున్నావు. వేళ్లు విరిగేంత గట్టిగా.”

“నువ్వే గట్టిగా పట్టుకున్నావు.”

“ఇలా చూడు, చినాత్సూ. రేపు మొదటి ఓడకి ఇద్దరం మా ఇంటికి పోతున్నాం. ఊళ్లో కొలనుంది కదా, అక్కడ నాకు ఈత నేర్పాలి నువ్వు.”

“నీళ్లంటే భయం కదక్కా నీకు.”

“భయమే. పైగా నేనెంత మొద్దునో చూశావుగా. ఏళ్లు పడుతుంది.”